రాహేలత్త గోడతేనె

పోయిన వారం మా అపార్ట్‌మెంట్‌లో మీటర్ల పెట్టె బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మూత ఊడదీసి, లోపల ఏదో నల్లటి జిగురు గడ్డకట్టి ఉందనీ, దాని చుట్టూ దోమలంత ఈగలు ముసురుతున్నాయనీ కేకేస్తే, కూరగాయల సంచీ చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. కంటికి కనపడకముందే వాసన తగిలింది. పులిసిన చింతపండు రసం, అప్పుడే కోసిన మామిడికాయ తొడిమ దగ్గర కారే సొన, చాలాకాలం మూసి ఉంచిన కర్ర బీరువా, ఈ మూడూ కలిపి ఎండలో పెడితే వచ్చేలాంటి వాసన. భవానీపురంలో కాపురం పెట్టి ఇరవై రెండేళ్ళయింది. పొద్దున్నే కృష్ణ మీదినుంచి వచ్చే తడిగాలి, కింద టిఫిన్ బండి మీద మాడే పెసరట్టు, ఎండాకాలం ఎండిపోయిన ఇసక వాసన, అన్నీ నాకు తెలుసు. ఇది మాత్రం ఇక్కడిది కాదు. "అవి కుట్టవు బాబూ, మందు కొట్టకు, పక్కనుంచి వైరు లాగు" అన్నాను. అతను నమ్మలేదు. అప్పుడు నేనే పెట్టెలో చెయ్యి పెట్టి, వేలి మీద నాలుగు ఈగల్ని నడవనిచ్చి చూపించాను. అరవైకి దగ్గర పడుతున్న లెక్కల టీచరమ్మ ఇలాంటి పని చేస్తుందని అతను అనుకోలేదేమో, గబగబా వైరు లాగి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నా వేళ్ళకి ఆ వాసన అంటుకునే ఉంది. ఎన్నిసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నానో నాకే తెలియదు.

ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టునానుకుని ఉండేది మా పేట. ముప్ఫై గడప, ఒక చిన్న చర్చి, చర్చి వెనక పిల్లల బడి. మాది మట్టిగోడల మీద తాటాకు కప్పిన ఇల్లు. గోడ మూరెడు మందం. ఎండాకాలం ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే తడిగుడ్డ కప్పుకున్నంత చల్లగా ఉండేది. దక్షిణం గోడలో, నా భుజమంత ఎత్తున, చిటికెన వేలంత గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉండేది. మైనమూ చెట్టు జిగురూ కలిపి ఈగలు కట్టుకున్న గొట్టం అది. దాని మూతి చుట్టూ అయిదారు నల్లటి ఈగలు కాపలా ఉండేవి. బియ్యపు గింజలో సగమైనా ఉండవు, కొండి లేదు, కుట్టడం రాదు. వాటికి కోపం వస్తే జుట్టులో దూరి, చెవి దగ్గర గుయ్‌మని, కనురెప్పని నొక్కి పట్టుకుంటాయి, అంతే. ఎవరో వాటిని ముసురీగలనేవాళ్ళు, ఇంకెవరో వేరే పేరు పెట్టేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం వాటి తేనెని గోడతేనె అనే అనేవాళ్ళం.

ఆ గోడా, ఆ ఈగలూ, ఆ తేనే మా మేనత్త రాహేలువి. నాన్నకంటే నాలుగేళ్ళు పెద్దది. పెళ్ళయిన రెండో ఏడు మామయ్య కామెర్లొచ్చి పోతే, ఒక ఇనపపెట్టె, ఒక చూడిమేకతో పుట్టింటికి తిరిగొచ్చి, మళ్ళీ ఆ గడప దాటి ఎక్కడికీ వెళ్ళలేదట. నాన్నకంటే ఎత్తు. పాదాలు పెద్దవి, ఏ చెప్పులూ పట్టేవి కావు. చర్చిలో ఎప్పుడూ తలుపు పక్క చివరి చాప మీద కూర్చునేది. ఎందుకంటే ప్రసంగం మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, మేక ఈనలేకపోతోందనో, దూడ పొట్ట ఉబ్బిందనో, కిటికీలోంచి సైగ చేసేవాళ్ళు. అత్త లేచి కొంగు నడుముకి చుట్టి వెళ్ళిపోయేది. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆయన కోడిపుంజు కాలు కుక్క నోట్లో పడి చీరుకుపోయినప్పుడు బాగుచేసింది కూడా అత్తే కాబట్టి, ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు.

అత్తకి ఒక్కటే లోపం. చిన్నతనంలో నలభై రోజులు జ్వరం వచ్చి తగ్గిన తర్వాత ఆమెకి వాసన తెలియకుండా పోయింది. కూర మాడినా, పాలు విరిగినా ఆమెకి తెలిసేది కాదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె ముక్కు నేనే. "గ్రేసూ, ఈ మజ్జిగ వాసన చూడవే," "గ్రేసూ, ఈ తవుడు ముక్కిందేమో చూడు" అని రోజుకి పదిసార్లు పిలిచేది. గొడ్డుకి పుండైతే కట్టు విప్పి, నన్ను దగ్గరికి వంగమని, "నీచు కొడుతోందా, మామూలుగా ఉందా?" అని అడిగేది. నేను ముక్కు చిట్లించి ఏది చెబితే అది. నా మాట మీద ఆమె ఆకు మార్చేది, కట్టు మార్చేది. తొమ్మిదేళ్ళ పిల్లని పెద్ద మనిషి అంతగా నమ్మడం ఎంత గొప్ప సంగతో నాకప్పుడు తెలియదు. నా ముక్కంటే నాకు గర్వంగా మాత్రం ఉండేది.

ఏడాదికి ఒక్కసారి, ఈస్టర్ దాటి, వేపపూత రాలిన తర్వాత, పొద్దున్నే ఈగలు మేతకి వెళ్ళే వేళ చూసి అత్త గోడ తెరిచేది. లోపలివైపునుంచి, గంపంత మేర మట్టి మెత్తు పలుగు కొసతో గీకి తీస్తే, లోపల చీకట్లో గోధుమరంగు గుత్తులు కనిపించేవి. మామూలు తేనెపట్టులా రేకులు కావవి. శనగగింజలంత, బఠాణీలంత మైనపు బుడ్లు, ఒకదానికొకటి అతుక్కుని, చూడడానికి బుల్లి కుమ్మరివాము లాగా. ఒకవైపు పిల్లలవి, ఒకవైపు పుప్పొడివి, అంచుల్లో తేనెవి. అంచుల్లోవి మాత్రం, అవీ సగమే, అత్త రెండు వేళ్ళతో గిల్లి ఇత్తడి గిన్నెలో వేసుకునేది. పల్చటి గుడ్డలో వేసి పిండితే చిన్న మందుసీసాడు వచ్చేది. ఏడాది పొడుగునా ఆ సీసాయే. తర్వాత జిగురుమట్టీ పేడా కలిపి గోడ మూసేసి, అరచేత్తో నున్నగా అలికి, "ఇంక మీ దారి మీది, నా దారి నాది" అని ఈగలతో చెప్పి వచ్చేది.

ఆ సీసా మా ఇంట్లో ఎవరి నోటికీ కాదు. దూలం కింద గూట్లో, పాత గుడ్డముక్క బిరడాగా పెట్టి ఉండేది. బర్రె చన్నులు పగిలి పాలు తియ్యనివ్వకపోతే ఒక చుక్క. దూడ బొడ్డు చీము పడితే ఒక చుక్క. ముల్లు గుచ్చుకుని మేక గిట్ట వాస్తే, ముల్లు తీసి, వేపాకు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఒక చుక్క. కడగడం అత్తకి పూజలాంటిది. సగం పొద్దు కడగడమే. తేనె మాత్రం వేలి కొసతో అద్ది, పాత నేతగుడ్డ కట్టి వదిలేసేది. మూడో నాటికి చెమ్మ తగ్గి, వారానికి అంచులు దగ్గరికొచ్చి, అందరూ అత్త చెయ్యి మంచిదనేవాళ్ళు. అత్త మాత్రం చెయ్యి కాదు, గోడ మంచిదనేది.

క్రిస్మస్ నెల వచ్చిందంటే మా ఊరి గాలే మారిపోయేది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలయ్యేది. గాలి ఇటు తిరిగిన రోజున మడ్డి వాసన, కాలిన చెరుకుపిప్పి వాసన మా పేట దాకా వచ్చేవి. ఆరేసిన తెల్లబట్టల మీద నల్లటి నుసి పడేది. రోడ్డు మీద చెరుకుబళ్ళు ఒకదాని వెనక ఒకటి, ఎద్దుల మెడగంటలు, బండి కందెన వాసన, వెనకనుంచి గడలు లాక్కుని పరిగెత్తే పిల్లలం. ఇంటి ముందు వెదురుబద్దలకి రంగుకాయితం అంటించిన నక్షత్రం. లోపల అమ్మా అత్తా కలిసి అరిసెలు వత్తుతుంటే, నువ్వులు నూనెలో చిటపటమంటుంటే, పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకునేవాళ్ళం. నాన్న మాత్రం ఆ నెలంతా ఇంట్లో సగం ఉండేవాడు, సగం బండి మీద ఉండేవాడు. ఆయనకి సొంత బండి, జత ఎడ్లు. తెల్లటిది దొర, బూడిదరంగుది మైలగాడు. ఊళ్ళో రైతుల చెరుకు ఫ్యాక్టరీకి తోలేది ఆయనే. కోసిన చెరుకు ఆగదు, ఎండిపోతుంది. బండి రాకపోతే రైతు ఇంకో బండి చూసుకుంటాడు. అందుకని ఆ మూడు నెలలూ నాన్నకి ఆదివారం కూడా లేదు.

ఇక నా సంగతి. నా తొమ్మిదో ఏట, వానాకాలంలో నాకు నోరంతా పూసి అన్నం తినలేక ఏడుస్తుంటే, అత్త మనసాగక, ఎన్నడూ లేనిది, ఈనెపుల్ల కొసతో ఒక చుక్క గోడతేనె నాలుక మీద వేసింది. అది తియ్యగా ఉంటుందనుకున్నాను. ముందు పులుపు తగిలింది, వెనక తీపి, దాని వెనక ఎక్కడో చిన్న చేదు. నోటిపూత రెండు రోజుల్లో పోయింది. ఆ రుచి పోలేదు. మధ్యాహ్నం అమ్మ పొలానికీ, అత్త గడ్డికీ వెళ్ళిన తర్వాత రోలు మీద ఎక్కి, గూట్లో సీసా అందుకుని, ఈనెపుల్ల ముంచి, ఒకే ఒక్క చుక్క అనుకునేదాన్ని. మర్నాడు కూడా ఒకే ఒక్క చుక్క. చలికాలం వచ్చేసరికి సీసా సగానికి పైగా దిగిపోయింది. అప్పుడు భయం పట్టుకుంది. పక్క చేలో బెల్లం వండే పొయ్యి దగ్గర పిల్లలకి కొబ్బరిచిప్పలో వేడి పాకం పోసేవాళ్ళు. నా వంతు తాగకుండా ఇంటికి తెచ్చి, నీళ్ళు కలిపి పల్చన చేసి, సీసాలో పోసి ఊపాను. రంగు కలిసిపోయింది. వాసనలో తేడా నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ ఇంట్లో ముక్కు నేనే కదా అనుకున్నాను.

క్రిస్మస్ అయిదు రోజులుందనగా, ఒక పొద్దున మేత వేయడానికి వెళ్ళిన అత్తకి మైలగాడు తల దించడం లేదని అనుమానం వచ్చింది. మెడ మీద మడతపెట్టి కట్టిన గోనెసంచి ఎత్తింది. కాడి ఆనేచోట అరచెయ్యంత మేర తోలు లేచిపోయి, ఎర్రగా, తడిగా ఉంది. నాన్న బండి చక్రానికి కందెన పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఎన్నాళ్ళయిందిరా ఇది?" అంది అత్త.

"మూడు రోజులక్కా. ఈ వారం తోలేస్తే అయిపోద్ది. తర్వాత నిలబెడతా."

"నీ భుజం మీద ఇట్టాంటిది పెట్టుకుని మొయ్యి చూద్దాం."

అత్త సంచీ తీసి పక్కన పడేసి, మైలగాడి పలుపు విప్పి, కొట్టం వెనక నీడలోకి తీసుకుపోయింది. పది రోజులు ఇమ్మంది. పదకొండో రోజున కాడి కింద నడిపిస్తానంది. ఒంటెద్దుతో బండి కదలదు కాబట్టి, పది రోజులు బండి నిలబడిపోవడమే. నాన్న కందెన చేతులు గడ్డితో తుడుచుకుని, చాలాసేపు దొర పక్కన నిలబడి, చివరికి సరేనన్నాడు. అక్క మాట మీద ఆయనకి అంత గురి.

అత్త వేపాకు కాచిన నీళ్ళతో పుండు కడిగింది. మైలగాడు కదలకుండా నిలబడి, కడిగినంతసేపూ చర్మం వణికించాడు. గుడ్డతో ఆరేలా అద్దాక, సీసా బిరడా తీసి, అలవాటుగా నా ముక్కు దగ్గర పెట్టింది.

"ఎనిమిది నెలలయింది పిండి. వాసన చూడవే గ్రేసూ, బాగానే ఉందా?"

నేను వంగి వాసన చూశాను. బెల్లం వాసన గుప్పుమంది. "బాగానే ఉందత్తా" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు అత్త ముఖం చూడలేదు, మైలగాడి కన్ను చూశాను. పెద్ద కన్ను, కాటుక దిద్దినట్టుండే రెప్పలు. అది నన్నే చూస్తోందనిపించింది.

మర్నాటికి కట్టు చుట్టూ ఈగలు. మామూలు ఈగలు, పెద్దవి, పచ్చటివి. చీమలు కొట్టం గుంజ ఎక్కి మైలగాడి వీపు మీదికి దారి కట్టాయి. అత్తకి అర్థం కాలేదు. ఇంకా ఎక్కువసేపు కడిగి, మళ్ళీ ఆ సీసాలోదే అద్దింది. పుండు ఆరడం మాని జిగటగా, పుల్లగా తయారైంది. రోజూ కట్టు విప్పి నన్ను వాసన చూడమనేది. నీచు కొడుతోందని నిజమే చెప్పేదాన్ని. ఎందుకో మాత్రం చెప్పేదాన్ని కాదు. అయిదో రోజున, క్రిస్మస్ ముందు రోజున, పుండులో తెల్లగా పురుగులు మెదిలాయి.

నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. "నీ మాట విని నిలబెట్టా కదక్కా" అని మాత్రం అని, సైకిలెక్కి వెళ్ళి పశువుల ఆస్పత్రి కాంపౌండరుగారిని తీసుకొచ్చాడు. ఆయన నెమ్మదస్తుడు. మందు పోసి, ఒక్కొక్క పురుగూ పట్టకారుతో తీసి, సూది వేసి, చేతులు కడుక్కుంటూ ఏం పూశారమ్మా అని అడిగాడు. తేనె అని చెప్పింది అత్త. తేనె పూస్తే ఇంత ఈగ ముసరకూడదే అన్నాడాయన.

ఆ క్రిస్మస్‌కి అత్త చర్చికి రాలేదు. అరిసెలు ఎవరూ ముట్టలేదు. రెండో రోజున పై వీధి ముసలాయన, చెవి తెగిన మేకపిల్లని చంకలో పెట్టుకుని వచ్చి, అత్తని పిలిచాడు. అత్త బయటికి రాకుండానే, నేనింక చూడటంలేదు, ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పించింది. ఆయన మేకపిల్లతో వెనక్కి వెళ్ళిపోయాడు. నేను పెరట్లోకి వెళ్ళేసరికి, అత్త గోడకి ఆనుకుని, ఆ గొట్టం పక్కనే కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది.

"నా చెయ్యి చెడిపోయిందేమోనే" అంది నాతో. "ఇంక ఏ గొడ్డునీ ముట్టుకోకూడదు."

అమ్మ కొట్టినప్పుడూ, బడిలో నిలబెట్టినప్పుడూ రాని ఏడుపు నాకప్పుడొచ్చింది. ఎక్కిళ్ళు పెడుతూ చెప్పాను. అది తేనె కాదనీ, నేనే తాగేసి పాకం పోశాననీ, ఒక్కో చుక్కే అనుకున్నాననీ.

"సీసా నీ ముక్కు దగ్గర పెట్టా కదే?"

"పెట్టావు."

"అప్పుడు తెలుసా నీకు?"

"తెలుసత్తా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి నా చెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి తీసుకెళ్ళి, మైలగాడి ముందు నిలబెట్టింది. నేను వాడి ముట్టె మీద చెయ్యి వేశాను. వాడు నా అరచెయ్యి నాకాడు. గరుకైన, వెచ్చటి నాలుక. ఉప్పుకోసం నాకాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాకు ఊపిరాడింది.

ఆ సాయంత్రం నాన్న వచ్చాక, వాకిట్లో మంచం మీద కూర్చున్న ఆయనతో అత్త చెబుతుంటే నేను తలుపు చాటునుంచి విన్నాను. తేనె పాతదై చెడిపోయిందనీ, తనకి వాసన తెలియదు కాబట్టి పోల్చుకోలేకపోయిందనీ, తప్పంతా తనదేననీ, ఇంకో పదిహేను రోజులు ఇమ్మనీ చెప్పింది. నా పేరే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున అత్త గోడ తెరిచింది. వేపపూత ముందు ఆ గోడని ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు తెలిసి అదే ఆఖరిసారి కూడా. చలికి ఈగలు మందకొడిగా ఉన్నాయి. మట్టి గీకి తీస్తుంటే ఒక్కొక్కటే నిద్రలేచినట్టు బయటికొచ్చి మా జుట్టులో దూరాయి. బుడ్లు తక్కువే ఉన్నాయి. మునగపూతా, మినపచేల పూతా ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా ఉన్నాయంది అత్త. అరచేతిలో సగం పట్టేన్ని గిల్లి, ఒక బుడ్డి చిదిపి నా ముక్కు దగ్గర పెట్టింది. ఈసారి ఏమీ అడగలేదు. నా ముఖంలోకి చూసింది, అంతే. "గోడతేనే అత్తా" అన్నాను. తలూపి గోడ మూసేసింది. ఈగలతో మాత్రం ఏమీ అనలేదు.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు నేను బడికి వెళ్ళేముందు మైలగాడి దగ్గరికి వెళ్ళేదాన్ని. నీళ్ళు నేనే కాచేదాన్ని. చల్లారాక అత్త పోస్తుంటే నేను కడిగేదాన్ని. గుడ్డతో అద్ది, వేలి కొసతో తేనె రాయడం కూడా అత్త నాకే వదిలేసింది. పక్కన నిలబడి, "తక్కువ, ఇంకా తక్కువ, దీపం ఒత్తికి నూనె తగిలినట్టు" అనేది. నాలుగో రోజుకి నీచు వాసన పోయింది. ఆ మాట చెప్పినప్పుడు అత్త మొదటిసారి నవ్వింది. పుండు అడుగునుంచి లేతగులాబీ రంగు కండ పైకొచ్చింది. అంచుల నల్లటి గీత రోజుకింత లోపలికి జరిగింది. కాంపౌండరుగారు అటు పోతూ సైకిల్ దిగి చూసి, ఇదే పూస్తున్నారా అని అడిగి, నవ్వుకుని వెళ్ళారు. మైలగాడు మళ్ళీ తల దించి కుడితి తాగడం మొదలుపెట్టాడు. కాడి ఆనేచోట కొత్త వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. బూడిదరంగు మెడ మీద ఆ తెల్లమచ్చ వాడు బతికున్నన్నాళ్ళూ ఉండిపోయింది.

అయితే చెరుకు తోలకం మాత్రం నాన్న చేతిలోంచి జారిపోయింది. బండి మళ్ళీ రోడ్డెక్కేసరికి మా రైతులు వేరే బళ్ళు కుదుర్చుకున్నారు. ఆ ఏడు ఈస్టర్‌కి మా ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవు. నేను పాత గౌను వేసుకుని చాప మీద కూర్చుంటే, పక్కనున్న పిల్లలు కొత్త రిబ్బన్లు చూపించుకుంటుంటే, నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో తక్కినవాళ్ళ ముఖాల వంక చూడటమే కష్టమైంది. ఈస్టర్ తర్వాత అత్త గోడ తెరవలేదు. ఈ ఏడు వాటిది వాటికే ఉండనీ అంది. ఈగలు బతికాయి. పై ఏడు గొట్టం మూతి దగ్గర కాపలా మళ్ళీ మామూలుగానే ఉంది.

తర్వాత ఎన్నో ఏళ్ళు నాన్న ఈ కథ చెప్పేవాడు. చుట్టాలు చేరినప్పుడల్లా, క్రిస్మస్ భోజనాల దగ్గర, మా పెళ్ళిళ్ళలో, అక్కని ఉడికించడానికి చెప్పేవాడు. మా అక్క ఊరందరి గొడ్లకీ డాక్టరే, సొంత తమ్ముడి ఎద్దుకి మాత్రం పురుగులు పట్టించింది అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన మాటలో విషం ఉండేది కాదు. ఆయన ఇష్టం చూపించే పద్ధతే అది. అత్త కూడా నవ్వి, అప్పుడు నా చెయ్యి బాగాలేదులేరా అనేది. ఒక్కసారి కూడా నా వైపు చూసేది కాదు. నేను వడ్డన పనిలో తల దించుకునేదాన్ని. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. టీచరునయ్యాక, నాకే పిల్లలు పుట్టాక కూడా వచ్చింది. ఒకసారి వంటింట్లో అత్తతో అన్నాను, నాన్నకి చెప్పేస్తానని. "అంత నవ్వుకుంటన్నాడు, ఎందుకే చెడగొట్టడం" అంది.

ఇప్పుడు మా పేటలో మట్టిగోడ అన్నది లేదు. కాలనీ ఇళ్ళొచ్చాయి, ఇటుక, సిమెంటు, నున్నటి రంగులు. ఒక వేలు దూరే సందు లేదు. మైలగాడి తర్వాత మరో రెండు జతలు తోలి, ట్రాక్టర్లొచ్చాక నాన్న బండి అమ్మేశాడు. ఉయ్యూరు రోడ్డున వెళితే కిలోమీటర్ల కొద్దీ చేపల చెరువులు, మధ్యమధ్య చెరుకు. ఎద్దు మెడగంట వినిపించదు. వాకిట్లో గొడ్డు ఉన్న ఇల్లు పేట మొత్తానికి నాలుగు ఉంటాయేమో. పలుపు అంటే ఏమిటని మా అమ్మాయి కొడుకు అడిగితే, కాయితం మీద బొమ్మ గీసి చూపించాను. వాడికి అది షూ లేసులాగా కనిపించింది.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరే, భవానీపురంలోనే ఉంటున్నాడు. అత్త ఆఖరి దాకా పేటలోనే ఉండి, నిరుడు వానాకాలంలో, ఎనభై నాలుగో ఏట, పట్టుమని మూడు రోజులు మంచాన పడకుండా వెళ్ళిపోయింది. మట్టి చేసి వచ్చిన నాలుగో రోజున, బాల్కనీలో కూర్చున్న నాన్న ఏదో గుర్తొచ్చి నవ్వి, నా ఎద్దుకి పురుగులు పట్టించింది మహాతల్లి అన్నాడు. ఇంక నావల్ల కాలేదు. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, రోలు ఎక్కిన దగ్గరనుంచి సీసా వాసన చూసిన దాకా అంతా చెప్పాను.

నాన్న నదివైపు తిరిగాడు.

"అక్కకి ఎప్పుడు తెలుసు?"

"అప్పుడే తెలుసు నాన్నా. క్రిస్మస్ అయిన రెండో రోజునే."

"అన్నేళ్ళూ నేను అందర్లో అట్టా అంటావుంటే..." అని ఆపేశాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మర్నాటినుంచి ఆ కథ ఎత్తలేదు.

పోయిన నెలలో అత్త సంవత్సరీకం ప్రార్థనకూడిక పెట్టుకున్నాం, మా పేట చర్చిలోనే. ఇప్పుడు చాపలు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు. పాటలయ్యాక ఒక్కొక్కళ్ళూ లేచి అత్త గురించి నాలుగు ముక్కలు చెప్పారు. మేక బతికిందని ఒకరు, దూడ లేచి నిలబడిందని ఒకరు. చివర్న మా పెదనాన్న కొడుకు నవ్వుతూ, బాబాయ్, నీ ఎద్దు కథ చెప్పు అని నాన్నకి మైకు అందించాడు. అందరూ అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు. ఏం చెబుతాడో నాకు తెలియదు.

నాన్న కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆ ఎద్దు మెడ మీద పుండు చేసింది నేనండి. మూడు రోజులు గోనెసంచి కింద దాచిపెట్టింది కూడా నేనే. మా అక్క మానిపించింది. మధ్యలో ఏదో అయింది గానీ, అది నాకు గుర్తులేదండి."

ఎవరూ నవ్వలేదు. నాన్న మైకు పక్కవాళ్ళకి ఇచ్చేసి, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.